పోయిండు అనొద్దు

హైదరాబాద్ బస్సు ఇంకో గంటకు వస్తదని హోటలాయన చెప్పిండు. గంట అంటే ఎంతసేపో నాకు ఈ నడుమ అంతు దొరుకుతలేదు. పొద్దు పొడుసుడు సూస్తనే ఉంట, అంతల్నే పొద్దు గూకుతది, నడుమ ఏం జేసిన్నో యాదికి రాదు. సూర్యాపేటల బస్సులు ఆగే కాడ రేకుల పందిరి కింద బల్ల మీద నేను కూసున్న, నా పక్కన చాందీ, చాందీకి అవుతల లక్ష్మీనర్సమ్మ. ముగ్గురం రోడ్డు దిక్కే సూస్తున్నం. చాందీ పోతున్నదని కబురొస్తే నేను పొద్దుగాల కోదాడ నుంచి వచ్చి దిగిన. వాళ్లిద్దరు నిన్ననే మిర్యాలగూడ నుంచి వచ్చి ఇక్కడి బాలసదనంల పండుకున్నరు. చాందీ తలకు నూనె పెట్టి రెండు జడలేసి ఎర్ర రిబ్బన్లు కట్టింది లక్ష్మీనర్సమ్మ. పెండ్లికి పోయే పిల్ల తీరుగున్నది. కాళ్లు నేలకు అందవు, ఊపుతాంది. నేను బస్సు దిగి పెట్టె ఇంక కింద పెట్టకముందే ఉరికొచ్చి చిన్నమ్మ సంగతి చెప్పింది, మా ఖాలా వచ్చింది సరోజనక్కా, నన్ను మా అబ్బా దగ్గరికి తీస్కపోతదట, అని. ఆఁ, అన్న నేను. ఆఁ అనే మాట నా నోట్ల ఎప్పుడు తయారుగ ఉంటది. ఎవలు ఏమన్న దానికి సరిపోతది.

చాందీ నాయన లేడు. దామరచర్లల ఎద్దుల గిట్టలకు ఇనుప నాడాలు కొట్టే ఖాసింను, పోయినేడు యూనియన్ మిల్ట్రీ వచ్చి రజాకార్లు ఖతమైన దినాలల్ల, ఎవలో గుంపుగ వచ్చి ఇంట్లకెళ్లి గుంజుకపోయి సంపిన్రు. ఆయన ఎవల జోలికి పోయినోడు కాదని అందరంటరు. గప్పుడు ఎవలు ఎవల జోలికి పోయిన్రని ఆగి అడిగినోడు లేడు. పిల్లను పక్కింటామె జొన్నల గుమ్మిల దాసిపెట్టింది. తల్లి ముందే లేదాయె. పక్కింటామెనే చాందీని కచ్చరం బండిల తెచ్చి మిర్యాలగూడల మా బాలసదనంల అప్పజెప్పింది. మీ నాయన ఊరికి పోయిండు బిడ్డా, మల్లొస్తడు, అని చెప్పి ఆమె బండెక్కింది. ఆ మాటను మేం ఎవలం మార్చలె. చాందీ అడిగినప్పుడల్ల లక్ష్మీనర్సమ్మ, ఊరికి పోయిండు, అన్నది. నేను, ఆఁ, అన్న. పిల్ల నమ్మింది. రోజు పొద్దూకంగ గేటు కాడికి పోయి నిలబడతది. ఎడ్లబండి పోతే ఎడ్ల మొఖం సూడదు, కాళ్లు సూస్తది. దీనికి ఎనక కాలు నాడా ఊడింది, మా అబ్బా వస్తే కొడతడు, అంటది బండాయనతోని. బండాయన నవ్వుతడు.

లక్ష్మీనర్సమ్మ మా సదనంల వంట జేస్తది, నాకంటె శాన పెద్దది, మనసుల ఒకటి పెట్టుకుని మాట్లాడేది కాదు. ఇందాక నా చెవుల చెప్పింది. దామోదర్ గారు చెప్పి పంపిన్రు, పిల్ల ఏడ్వకుండ సాగనంపమని. ఎట్లనో గట్ల నాయన దగ్గరికే పోతున్న అనుకుంటాంది గద, అట్లనే పోనీ, అని. దామోదర్ గారు సదనం నడిపే సమితికి పెద్ద. మంచాయన. పిల్లలు ఏడిస్తే ఆయన తట్టుకోలేడు, అవుతలికి పోయి నిలబడతడు. నన్ను కోదాడకు శిక్షణకు పంపింది గుడ ఆయననే. మనకు పిల్లలను సాకుడు తెల్సమ్మా, కని గిట్ల పోగొట్టుకున్న పిల్లలను సాకుడు తెల్వది, అది నేర్పేటోళ్లు బెజవాడ నుంచి వస్తున్నరు, నువ్వు పో, అన్నడు. ఆఁ, అన్న. ఎటు పొమ్మంటే అటు పోతున్న నేను, ఈ ఏడాదంత గట్లనే ఉన్న.

కోదాడ బడిల పెట్టిన్రు శిక్షణ. నల్లగొండ నుంచి, సూర్యాపేట నుంచి, ఇంక ఎక్కడెక్కడి నుంచో సదనాలల్ల పనిచేసేటోళ్లం వచ్చినం. ఎక్కువ మంది నా అసుంటోళ్లే, వంటకని చేరి పిల్లల దగ్గర నిలబడిపోయినోళ్లు. చాపల మీద కూసున్నం. పలక పట్టక ఎన్నేండ్లైందో అని ఒకామె నవ్వింది. నేర్పేటామె పేరు రంగనాయకమ్మ. తెల్లచీర, మెడల ఏం లేదు, గొంతు నెమ్మది. ఢిల్లీ దిక్కు కాందిశీకుల క్యాంపులల్ల పిల్లలతోని పనిచేసి వచ్చిందట. పేలు ఎట్ల తీయాలె, గజ్జికి ఏం రాయాలె, పక్క తడిపిన పిల్లను పదిమందిల ఎందుకు తిట్టొద్దు, అన్నం దాసుకునే పిల్లను దొంగ అని ఎందుకనొద్దు, అన్ని ఆగి ఆగి చెప్పింది. పిల్లతోని మాట్లాడేటప్పుడు నిలబడి మాట్లాడకండి, కింద కూర్చోండి, మీ కళ్లు దాని కళ్లకి ఎదురుగా ఉండాలి, అన్నది. అందరిని కింద కూసోబెట్టి లేపి కూసోబెట్టి చేపిచ్చింది. మేం నవ్వుకుంట చేసినం. నేను గుడ నవ్విన్నో ఏమో. నవ్వినప్పుడు మూతి కదుల్తది, అది నాకు తెలుస్తది. దాని ఎనక ఏం లేదని గుడ తెలుస్తది.

ఒకరోజు ఆమె బల్ల మీద చేతులు పెట్టి మా అందరి దిక్కు సూసింది. తర్వాత చెప్పింది. "మీ పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో లేరు. ఆ మాట వాళ్లకి మీలో ఎంతమంది చెప్పారు?" ఎవలం చెయ్యెత్తలె. "ఏమని చెప్తున్నారు మరి?" దేవుని దగ్గరికి పోయిండని ఒకామె అన్నది. నిద్రపోయిండని ఇంకొకామె. ఊరికి పోయిండని నేనే అన్న. రంగనాయకమ్మ ఎవల మీద కోపం చేయలె. నిద్రపోయాడని చెప్తే ఆ పిల్ల రాత్రి కళ్లు మూయడానికి భయపడుతుంది, అన్నది. దేవుడు తీసుకెళ్లాడంటే గుడిముందు నుంచి నడవడానికి భయపడుతుంది. "అన్నిటికంటే పోయాడు అనకండమ్మా. ఆ మాటకి పెద్దవాళ్లకి ఒక అర్థం, పిల్లలకి ఒక అర్థం. బజారుకి పోయినవాడు తిరిగొస్తాడు. పొలానికి పోయినవాడు తిరిగొస్తాడు. పిల్ల గుమ్మంలో కూర్చుని చూస్తుంటుంది. చనిపోయాడని చెప్పండి. ఇక రాడని చెప్పండి. ఏడుస్తుంది. ఏడవనివ్వండి. పక్కన కూర్చోండి, అంతే."

గప్పుడు నాకు గేటు కాడ నిలబడ్డ చాందీ కండ్లల మెదలాలె గద, మెదల్లె. మా అత్త రుక్కమ్మ మెదిలింది. పాలకీడుల మా అత్త ఇప్పటికి రాత్రి తలుపుకు గడియ పెట్టది. సైదులు వస్తే కొట్టి కొట్టి లేపాల్నా, పొద్దంత గొర్ల ఎంబడి తిరిగొచ్చేటోడు, అంటది.

సైదులు నా పెనిమిటి. జాన్‌పహాడ్ సైదులు దర్గకు మొక్కుకుంటే పుట్టిండని ఆ పేరు పెట్టిన్రు. మా దిక్కు గొల్లోళ్లల్ల ఇంటికొక సైదులు ఉంటడు, దర్గకు కందూరు చేసి గొర్రెను కోస్తం, ఫకీరు వచ్చి నెమలీకల కట్టతోని నెత్తి మీద తడతడు, దాన్ల మాకు ఎన్నడు వింత అనిపియ్యలె. ఆయనను తీస్కపోయింది ఎండకాలంల. మంద తోలుకొని వచ్చి కాళ్లు కడుక్కుంటున్నడు. రజాకార్లు, వాళ్ల ఎంబడి ఒక పోలీసాయన. సంఘపోళ్లకు గొర్రెను ఇచ్చినవట, అన్నరు. ఇయ్యలె, అన్నడు. ఊకె రెండు మాటలు అడిగి పంపిస్తం, అన్నరు. నా దిక్కు తిరిగి ఆ పోలీసాయన గుడ చెప్పిండు, మంచిగనే చెప్పిండు, పొద్దూకేవరకు వస్తడమ్మా, అని. సైదులు తడి కాళ్లతోనే పోయిండు. వాకిట్ల అడుగులు శానసేపు ఆరలె. తర్వాత ఆరినై. ఏటి అవుతల కాల్చిన్రని ఒకలు, లారీల ఎక్కిచ్చి నల్లగొండ జైలుకు పంపిన్రని ఒకలు. ఏటి ఇసుకల ఎవల్నో పూడ్సిపెట్టిన్రని గుడ అన్నరు. నేను పోయి సూస్త అంటే పోనియ్యలె. ఆడదానివి, పోతే నిన్ను గుడ, అన్నరు. మా అమ్మ అన్నదమ్ములు నడిగూడెంల ఉంటరు. ఆ నేల నిజాముది కాదు, ఇంగ్లీషోళ్లది ఉండె, రజాకార్లు రారని ఆడికి పంపిన్రు. నేను పోయిన. అత్త రాలె. నేను గుడ పోతే వాడొచ్చి ఎవల్ని సూడాలె, అన్నది.

నడిగూడెంల పారిపోయొచ్చినోళ్లకు గంజి కాసే కాడ నన్ను నిలబెట్టిన్రు. పెద్ద డేగిస, పొడుగు గరిటె. ఒకరోజు పక్కనున్నామె కేక పెట్టి నా చెయ్యి గుంజింది. నా వేళ్లు డేగిస అంచుకు ఆనుకుని కాలుతున్నై, కమురు వాసన వచ్చిందట. నాకు తెల్వలె. తెల్లగ ఉబ్బిన వేళ్ల దిక్కు సూసిన, ఎవలియో అనుకున్న. ఆ దినంకెళ్లి అట్లనే ఉన్న. మంచిదే అనిపిచ్చింది ఒక తీరుగ. పనికి అడ్డం రాదు. మిర్యాలగూడల సదనం తెరుస్తున్నం, గిట్ల నిమ్మలంగ ఉండేటామె కావాలె, అని దామోదర్ గారు అడిగి తీస్కపోయిండు. నేను నిమ్మలంగ ఉన్ననని అందరు మెచ్చుకున్నరు. చాందీని తెచ్చిన దినం లక్ష్మీనర్సమ్మ నా మొఖం దిక్కు సూసింది, తురకల పిల్ల, నీ పెనిమిటిని తీస్కపోయినోళ్ల పిల్ల అనుకుంటవేమో అని. నేనేం అనుకోలె. కోపం రావాలంటే లోపట ఏదన్న ఉండాలె. పిల్లకు నీళ్లు పోసిన, గౌను తొడిగిన, అన్నం పెట్టిన. ఎత్తుకోలె. ఎవల పిల్లను ఎత్తుకోలె నేను.

కోదాడల జంటలు చేసిన్రు మమ్మల్ని. ఒకలు పిల్ల కావాలె, ఒకలు చెప్పేటామె కావాలె, ఆ మాట ఎదురెదురుగ కూసుని చెప్పాలె. నా జంట పుష్పాబాయి, ఈ సూర్యాపేట సదనంల పనిచేస్తది. ఆమె మొదలు చెప్పింది, నా రెండు చేతులు పట్టుకుని, "మీ నాయన సచ్చిపోయిండు బిడ్డా, ఇగ రాడు," అని. చెప్పి ఆమెనే ఏడ్సింది. నేను ఆమె మొఖం సూసుకుంట కూసున్న. నా వంతు వచ్చింది. మీ నాయన, అన్న. పోయిండు, అన్న. పుష్పాబాయి తల అడ్డంగ ఊపింది. మల్ల అన్న. మల్ల పోయిండు అనే వచ్చింది. నాలుక ఆ మాట కాడికి పోయి మర్లి వస్తున్నది, ఎద్దు గడ్డ కాడ మొరాయించినట్టు. రంగనాయకమ్మ వచ్చి పక్కన కూసున్నది. "తొందరేం లేదు సరోజనా. రేపు చెబుదువుగాని," అన్నది. మర్నాడు ఆమె అడగలె, నేను చెప్పలె. శిక్షణ ఐపోయింది. అందరు చెప్పిన్రు, నేను ఒక్కదాన్ని తప్ప. పొద్దుగాల బస్సెక్కేటప్పుడు ఆమె బడి గేటు దాక వచ్చి, చాందీ పోతున్న సంగతి తెలిసిందట, ఒక్క మాటే అన్నది. "అబద్ధం మీద బండెక్కిన పిల్ల, దిగినచోట ఎవర్నీ నమ్మదమ్మా." ఆఁ, అన్న.

ఇదో ఖాలా జైనాబీ బజారుకెళ్లి వస్తాంది. చాందీ తల్లికి చెల్లెలు, పెండ్లై హైదరాబాద్ పోయింది, పుట్టుక దామరచర్లదే గనుక మా మాటనే మాట్లాడుతది. నల్ల బురఖా, పైది ఎత్తి నెత్తి మీద ఏసుకున్నది. తోడొచ్చిన తమ్ముడు హోటల్ కాడ నిలబడ్డడు. పిల్లకని పుట్నాలు, బెల్లం పొట్లం కట్టుకొచ్చింది. చాందీ పొట్లం ఇప్పి మొదలు లక్ష్మీనర్సమ్మకు పెట్టింది, తర్వాత నాకు. నా చేతుల నాలుగు పుట్నాలు. అబ్బాకు కొన్ని దాస్త, అని మిగిలినయి మూట కట్టుకుంటాంది. జైనాబీ ఆ మూట దిక్కు సూసి, నా చెయ్యి పట్టుకుని అవుతలికి నడిపిచ్చింది. "రాత్రి సదనంల దూరంగ కూసుని అబ్బా యాడున్నడు ఖాలా అన్నది అక్కా. నా నోరు పెగల్లె. ఆడికే పోతున్నం గద అన్న. అన్నంక ఎగిరి గంతేసింది. ఇగ ఆ మాటను ఎట్ల ఎనకకు తీసుకోవాలె? ఆడ దిగినంక యాడున్నడంటే ఏం జెప్పాలె? బావ సంగతి నేను ఇంక మా అమ్మకే సరిగ జెప్పలె." ఆమె కండ్లల నీళ్లు లేవు. ఎండిన పెదవులు. నన్ను సూసుకున్నట్టే ఉన్నది. "నువ్వు నేర్సుకొచ్చినవట గద. నువ్వే జెప్పు," అన్నది.

లక్ష్మీనర్సమ్మ విన్నది. "ఎందుకే సరోజనా, ఊకోరాదు. నవ్వుకుంట బస్సెక్కుతది. పిల్ల నవ్వు సూసి ఎన్ని దినాలైందే," అన్నది. అది గుడ నిజమే. చాందీ నవ్వుడు నేను ఇదే మొదలు సూసుడు. ముందటి పండ్లు రెండు ఊడినయట, ఎప్పుడూడినయో, నేను కోదాడల ఉన్నప్పుడో, అంతకు ముందో. ఆ నవ్వును ఉంచాలంటే ఏం చేయనక్కర లేదు. ఆఁ అంటే సాలు. బస్సు వస్తది, ఎక్కుతది, నేను మిర్యాలగూడ పోత, రేపు పొద్దుగాల పిల్లలకు నీళ్లు పోస్త. హైదరాబాద్‌ల ఇంకో గేటు ఉంటది, ఆడ నిలబడతది. కొన్ని దినాలకు నిలబడుడు మానేస్తది, ఎందుకు మానేసిందో ఎవలకు చెప్పది. అందరు నిమ్మలమైన పిల్ల అంటరు.

మిల్ట్రీ లారీలు ఒకటెనక ఒకటి పోతున్నై, దుమ్ము లేసింది. దుమ్ము పడే దాక ఆగిన. తర్వాత బల్ల ముందటికి వచ్చి కింద మన్నుల కూసున్న, చాందీ కాళ్ల కాడ. కండ్లకు కండ్లు ఎదురుగ వచ్చినై. కిందెందుకు కూసున్నవ్ అక్కా, చీర ఆగమైతది, అన్నది. కానీ తియ్యి, అన్న. నీకొక మాట చెప్పాలె చాందీ.

"నువ్వు ఖాలా ఇంటికి పోతున్నవ్. హైదరాబాద్‌కు. ఆడ ఖాలా ఉంటది, ఆమె పిల్లలుంటరు. నిన్ను మంచిగ సూస్కుంటరు. మీ అబ్బా ఆడ ఉండడు."

"ఎందుకు? ఇంక ఊరికెళ్లి రాలేదా?"

"రాలె. రాడు." నాలుక మల్ల ఆ గడ్డ కాడికి పోయింది. మీ అబ్బా పో, అన్న, ఆగిన. చాందీ నా నోటి దిక్కే సూస్తాంది. జైనాబీ బురఖా అంచు నా భుజానికి తగులుతున్నది. "మీ అబ్బా సచ్చిపోయిండు బిడ్డా."

"లేదు. ఊరికి పోయిండు."

"ఊరికి పోలె. అది మేం చెప్పిన అబద్ధం. సచ్చిపోయిండు. ఇగ రాడు."

పిల్ల ఏడ్వలె. పుట్నాల మూట ముడిని వేలుతోని తిప్పుతాంది. "నువ్వు సూసినవా?"

"సూడలె."

"మరి నీకెట్ల తెల్సు?"

నాకెట్ల తెల్సు. ఈ మాట నన్ను ఇంతవరకు ఎవలు అడగలె, నేను అడగనియ్యలె. ఏటి అవుతలి ఇసుకకు నేను పోలె, నల్లగొండ జైలు కాడికి పోలె. జైళ్లు తెరిసి అందర్ని ఇడిసిన్రు, వచ్చినోళ్లు వచ్చిన్రు, ఒకాయన అక్కడ సైదులు అనే మనిషే లేడన్నడు. అయినా నేను తీస్కపోయిన్రు అనే అన్న, ఎవలు అడిగినా తీస్కపోయిన్రు, తీస్కపోయిన్రు. ఆ మాటల ఆయన ఇంక లారీల కూసునే ఉన్నడు, లారీ ఇంక పోతనే ఉన్నది, నేను తలుపు కాడ ఉన్న, పొద్దూకలె. ఏడాది దాటినా పొద్దూకలె. నాకు తెల్సు. వాకిట్ల తడి అడుగులు ఆరేటప్పుడే తెల్సు. తెలుసుడు వేరే, నోటితోని చెప్పుడు వేరే.

"తెల్సు బిడ్డా. మా ఇంటాయనను గుడ నేను సూడలె. ఆయన గుడ సచ్చిపోయిండు," అన్న.

అన్న తర్వాత ఏం గాలె. హోటలాయన ఆ గిలాసలకెళ్లి ఈ గిలాసలకు చాయ పోస్తున్నడు. లక్ష్మీనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. లోపట ఏదన్న తెగుతదేమో అని సూసుకున్న. ఏం లేదు. డేగిస అంచు మీద వేళ్లే.

"నీకు ఇంటాయన ఉండెనా?" అన్నది చాందీ.

"ఉండె."

"పేరేంది?"

"సైదులు."

చాందీ పుట్నాల మూటను ఒళ్లె పెట్టుకున్నది. "సైదులు దర్గకు నన్ను మా అబ్బా తీస్కపోయిండు. భుజాల మీద ఎక్కిచ్చుకుని తీస్కపోయిండు. నెమలీకలతోని కొడితే నేను తుమ్మిన. అందరు నవ్విన్రు. మల్ల ఉర్సుకు తీస్కపోతనన్నడు," అన్నది. తీస్కపోతనన్నడు, అని మల్లొకసారి అన్నది, మెల్లగ, నన్ను అడుగుతున్నట్టు. నేను తల అడ్డంగ ఊపిన. గప్పుడు మొదలైంది. మొదలు గొంతుల సప్పుడే లేదు, నోరు తెరుసుకుని ఉన్నది, మొఖం ఎర్రగైంది, ఊపిరి ఎక్కడనో చిక్కుకున్నది. తర్వాత వచ్చింది ఏడుపు. నన్ను కొట్టింది, రెండు చేతులతోని, మొఖం మీద, మెడ మీద. అబద్ధం, అబద్ధం, అన్నది. నేను జరగలె. పక్కన కూసోమన్నరు గద, కూసున్న. పుట్నాలు మన్నుల పడ్డై. హోటల్ కాడి మనుషులు ఇటు తిరిగి సూస్తున్నరు. ఎవలో, పిల్లను ఎవలు కొట్టిన్రు, అన్నరు.

జైనాబీ కూలబడ్డది నా పక్కన. పిల్లను గుంజుకుని ఎదకు అదుముకున్నది. బావా, అన్నది. ఒక్కసారే అన్నది, ఆ మాట ఎనక ఏడాది కాలం ఆపుకున్నదంత వచ్చింది. అక్కను తలుసుకుంది, బావను తలుసుకుంది, ఆయన నాడాలు కొట్టుకుంట పాడే పాట ఏదో తలుసుకుంది, తురకంల కొంత, తెలుగుల కొంత. చాందీ ఆమె బురఖాల మొఖం దాసుకుని ఏడుస్తాంది. నడుమ నడుమ తల ఎత్తి ఖాలా ఏడ్సుడు సూస్తది, మల్ల మొఖం దాసుకుంటది. పొద్దుగాల దాక ఈ పిల్ల ఖాలా దిక్కు చెయ్యి గుడ చాపలేదట, లక్ష్మీనర్సమ్మ తర్వాత చెప్పింది. ఇప్పుడు మెడను రెండు చేతులతోని చుట్టేసింది, ఇడిపిద్దామన్న ఇడువది. వాళ్లిద్దరి నడుమ నాకు పని లేదు. లేసి చీరకైన మన్ను దులుపుకున్న.

బస్సు వచ్చింది. తమ్ముడు వచ్చి సామాన్లు మీద ఏసిండు. జైనాబీ పిల్లను ఎత్తుకునే ఎక్కింది. మెట్టు మీద ఆగి నా దిక్కు తిరిగింది. తల ఊపింది. కిటికీలకెళ్లి చాందీ ఉబ్బిన మొఖం కనపడ్డది. చెయ్యి ఊపలె, నవ్వలె. నా దిక్కు సూసింది, సూపు మరల్చలె, బస్సు మలుపు తిరిగే దాక సూసింది. నేను గుడ సూసిన.

లక్ష్మీనర్సమ్మ బల్ల మీద కూలబడి కండ్లు తుడుసుకుంటాంది. "నవ్వుకుంట పోయే పిల్లను ఏడ్పిచ్చి పంపితివి," అన్నది. "గిదేనా ఆడ నేర్పిచ్చింది?"

"గిదే," అన్న.

ఆమె కొంగు దులిపి బొడ్ల దోపుకున్నది. "నా చిన్న కొడుకు సచ్చిపోయినప్పుడు పెద్దోనికి నేను చెప్పలె," అన్నది. "వాడు పెరిగి పెద్దోడైనా తమ్ముడు మేనమామ ఇంట్ల ఉన్నడనే అనుకున్నడు. ఎవలో బడిల చెప్పిన్రు. ఇంటికొచ్చి మూడు దినాలు నాతోని మాట్లాడలె." మిర్యాలగూడ బస్సు మాపటికే ఉన్నది. సదనంల మిగిలిన పిల్లలున్నరు, చాందీ యాడికి పోయిందని అడుగుతరు, వాళ్లకు చెప్పాలె. వాళ్లల్ల ఊరికి పోయిన నాయనలు ఇంక ఎంతమందో ఉన్నరు, ఒక్కొక్కలకు చెప్పాలె. అది నా పనే. కని దానికంటె ముందు ఒకటున్నది.

"నువ్వు పో అక్కా. నేను రేపొస్త," అన్న. "మా అత్త కాడికి పోయొస్త."

లక్ష్మీనర్సమ్మ నా పెట్టె తన దిక్కు జరుపుకుని, దీన్ని నేను తీస్కపోత, నువ్వు అల్కగ పో, అన్నది.

హుజూర్‌నగర్ బస్సు నిండ జనమున్నది. అక్కడ దిగి పాలకీడు దాక నడవాలె. ముసలోళ్లకు ఎట్ల చెప్పాలనో రంగనాయకమ్మ చెప్పలె. అత్త వాకిట్ల చాట పట్టుకుని ఉంటది, నన్ను సూసి, వచ్చినవా బిడ్డా, అన్నం తింటవా, అంటది. తిన్నంక చెప్పాల్నో, ముందే చెప్పాల్నో. నన్ను గుడ కొడతదేమో. కొట్టనీ. కండక్టరు మనుషులను జరుపుకుంట వచ్చి, యాడికమ్మా, అన్నడు. పాలకీడు దిక్కు, అన్న. మాది గుడ ఆ పక్కనే, అన్నడు చిన్నగ నవ్వి, ఎవలింటికి?

"గొల్ల రుక్కమ్మ ఇంటికి. నేను ఆమె కోడల్ని."

"సైదులు భార్యవా?" అన్నడు. గొంతు తగ్గిచ్చిండు. "ఏమన్న తెలిసిందా అమ్మా ఆయన సంగతి?"

"సచ్చిపోయిండు," అన్న.

మొదటిసారి అన్నప్పుడు ఏం గాలె. ఈసారి నొచ్చింది.